నాలుగో సాంచా

టికెట్టుతో పాటు మెత్తటి స్పాంజి బిరడాలు రెండు చేతిలో పెట్టి, లోపలికి వెళ్లే ముందు చెవుల్లో పెట్టుకోమన్నాడు కౌంటరులో కుర్రాడు. మా అమ్మాయి బుద్ధిగా పెట్టుకుంది. నేను వాటిని పర్సులో పడేశాను. మగ్గం చప్పుడుకు నాకు బిరడాలా! పుట్టిందే ఆ చప్పుడులో. సిరిసిల్లలో మా ఇంటి ముందు గదిలో బాపు సాంచాలు నడిచేవి. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. వెనక గదిలో మేం పడుకునేవాళ్లం. కరెంటు పోయి సాంచాలు ఆగిపోతే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేవాళ్లం. నిశ్శబ్దమే మాకు కొత్త.

తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే ముందు పాదాలకు తెలిసింది. చెక్క నేల కింద ఏదో పరుగెత్తుతున్నట్టు వణుకు. ఆ తరువాత చప్పుడు. పొడవాటి హాలు, వరుసగా 88 మరమగ్గాలు. పైకప్పు పొడవునా ఇనుప దూలం లాంటి ఇరుసు తిరుగుతోంది. దాని మీంచి తోలు పట్టీలు ఒక్కో మగ్గానికి దిగుతున్నాయి. అన్నీ ఒకేసారి నడపరట, కొన్ని మాత్రమే నడుపుతారు. ఆ కొన్నింటికే మాట మాట వినబడదు. నూనె వాసన, దూది నుసి వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నాకు బాపు బనియను గుర్తొచ్చింది.

పది నిమిషాలు నిలబడ్డాను. బయటికొచ్చేసరికి చెవుల్లో గుయ్యిమని మోత. అమ్మాయి నవ్వి, "పర్సులో పెట్టుకుంటే పనిచెయ్యవమ్మా అవి" అంది.

ఊరి పేరు లోవెల్. మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నుంచి రైలెక్కితే ముప్పావు గంట. అమెరికాకు ఆరు నెలలకని వచ్చిన తల్లిదండ్రులు చూసే ఊళ్ల జాబితాలో ఇది ఉండదు. మేం కూడా ముందు నయాగరా చూశాం, న్యూయార్క్ వెళ్లి లిబర్టీ విగ్రహం ముందు ఫోటో దిగాం. తరువాత మిగిలింది పొద్దున నడక, మధ్యాహ్నం నిద్ర, శనివారం గుడి. విసుగుపుట్టి మా అమ్మాయి వాళ్ల వీధి చివర లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. ముప్ఫయ్యేళ్లు సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పిన చేతులు ఊరికే ఉండవు కదా. అక్కడ దొరికింది థామస్ డబ్లిన్ అనే చరిత్రకారుడు 1979లో రాసిన 'విమెన్ ఎట్ వర్క్'. అట్ట మీద పేరు చూసి తీశాను. చదవడం అయ్యాక అమ్మాయిని, "నయాగరా కన్నా దగ్గరే కదే, తీసుకుపో" అని సతాయించాను.

ఊరి కథ ఒక మనిషి జ్ఞాపకశక్తితో మొదలవుతుంది. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే బోస్టన్ వ్యాపారి 1810లో ఇంగ్లండ్ వెళ్లి రెండేళ్లు ఉన్నాడు. అప్పట్లో మరమగ్గం కీలకం ఇంగ్లండ్ సొత్తు. యంత్రాన్ని గానీ, దాని బొమ్మ గీసిన కాగితాన్ని గానీ దేశం దాటించడం నేరం. ఈయన మిల్లులన్నీ తిరిగి, చూసినదాన్నంతా తలలో పెట్టుకుని ఓడెక్కాడు. తిరిగొచ్చి పాల్ మూడీ అనే మెకానిక్ సాయంతో 1814 కల్లా వాల్తామ్‌లో మగ్గం నిలబెట్టాడు. అమెరికాలో దూది లోపలికి పోయి బట్టగా బయటికొచ్చే మొదటి మిల్లు అదే. దీన్ని దొంగతనమనాలో ధారణ అనాలో! అవధానుల దేశం దాన్ని కాబట్టి నేనైతే ధారణ అనే అంటాను.

ఆయన 1817లోనే, 42 ఏళ్లకే పోయాడు. ఈ ఊరు ఆయన చూడలేదు. ఆయన భాగస్వాములు మెరిమాక్ నది 30 అడుగులకు పైగా దూకే చోటు వెతికి పట్టుకుని, 1822లో కంపెనీ పెట్టి, 1826లో ఊరికి ఆయన పేరు పెట్టారు. అప్పుడు 2,500 మంది. 1840 నాటికి 20 వేలు దాటారు. నదిని కాలువలుగా చీల్చి ఒక్కో మిల్లు కిందికి తోలారు. ఆ నీరు చక్రాన్ని, చక్రం ఇరుసును, ఇరుసు పట్టీని, పట్టీ మగ్గాన్ని తిప్పేవి. కాలువల పొడవు మొత్తం కలిపితే ఐదున్నర మైళ్లు దాటుతుంది. తవ్వింది ఐరిష్ కూలీలు. 1822లో హ్యూ కమిస్కీ అనే మేస్త్రీ 30 మందిని వెంటబెట్టుకుని చార్ల్స్‌టౌన్ నుంచి కాలినడకన వచ్చాడట. తవ్వినవాళ్లకు ఇళ్లు ఇవ్వలేదు. వాళ్లు గుడిసెలు వేసుకున్నారు. ఇటుకతో వరుస ఇళ్లు కట్టింది వేరేవాళ్ల కోసం.

ఆ వరుస ఇళ్లలో ఒకదాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారు. నేను ఎక్కువసేపు ఆగిపోయింది అక్కడే. కింద వంటిల్లు, దాని పక్కన పొడవాటి భోజనాల బల్ల. బల్ల మీద పింగాణీ పళ్లేలు, గిన్నెలు, ఎవరో ఇప్పుడే వచ్చి కూర్చోబోతున్నట్టు. పైన పడకగది. ఒక్కో మంచానికి ఇద్దరు, ఒక గదిలో నలుగురో ఆరుగురో. మూలన పెట్టె, గోడకు తగిలించిన టోపీ. అంతే వాళ్ల ఆస్తి.

మిల్లు పెట్టినవాళ్లకు మనుషులు కావాలి. మగవాళ్లు పొలాల్లో ఉన్నారు, పైగా ఖరీదు. న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్ పల్లెల్లో రైతుల కూతుళ్లు ఉన్నారు. పదిహేనేళ్ల నుంచి ముప్ఫై లోపు, చదవడం రాయడం వచ్చినవాళ్లు. కానీ ఇంగ్లండ్ మిల్లు ఊళ్ల గురించి అక్కడ చెడ్డ కథలు ప్రచారంలో ఉన్నాయి. ఏ తండ్రి పంపుతాడు? అందుకని కంపెనీయే హాస్టళ్లు కట్టింది. ఎక్కువగా భర్తలు పోయిన ఆడవాళ్లను వాటికి పెద్దలుగా పెట్టింది. రాత్రి పదికి తలుపు మూస్తారు. ఆదివారం చర్చికి పోవాలి. నడవడిక బాగా లేకపోతే ఆ పెద్దావిడ కంపెనీకి చెప్పాలి. తిండికీ బసకూ వారానికి డాలరుం పావు, జీతంలోంచి పట్టుకుంటారు.

ఇదంతా చదువుతుంటే మా అమ్మాయి నా వైపు చూసింది. ఇంజనీరింగ్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు నేర్చుకునేటప్పుడు దాన్ని నేను ఎలాంటి హాస్టల్లో చేర్చానో దానికి గుర్తే. గేటు తొమ్మిదింటికే మూసేవాళ్లు. ఆ మాట విని నేనే అక్కడ చేర్చాను. కంపెనీ పెద్దలకు ఆడపిల్లల తండ్రుల గురించే కాదు, తల్లుల గురించి కూడా బాగానే తెలుసన్నమాట.

ఇక్కడ అమ్మాయిలకు కంపెనీ చాలానే ఇచ్చిన మాట కూడా నిజం. పుస్తకాలు అద్దెకిచ్చే లైబ్రరీలు, సాయంత్రం ఉపన్యాసాలు, కొన్ని హాస్టళ్లలో పియానో. 1842లో చార్ల్స్ డికెన్స్ వచ్చి ఒక్క రోజు చూసి అబ్బురపడ్డాడు. మిల్లు పిల్లలు తమ పత్రిక తామే రాసుకుంటున్నారని ఇంగ్లండ్ పాఠకులకు చెబితే నమ్మరేమో అన్నట్టు రాశాడు. ఆ పత్రిక పేరు 'లోవెల్ ఆఫరింగ్'. 1840 నుంచి 1845 దాకా నడిచింది. డికెన్స్ చూసినదాన్లో అబద్ధం లేదు. కాకపోతే ఆయన పొద్దున నాలుగున్నరకు నిద్ర లేపే గంట విని అయిదింటికి మగ్గం దగ్గర నిలబడలేదు. వేసవిలో అయిదు నుంచి రాత్రి ఏడు దాకా పని. మధ్యలో పొద్దుటి తిండికి అరగంట, మధ్యాహ్నం ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలోనే హాస్టలుకు పరుగెత్తాలి, తినాలి, మళ్లీ పరుగెత్తాలి. ఏడాది మొత్తం మీద సగటున వారానికి 73 గంటలు.

లోపల నూలు తెగకుండా గాలిలో తేమ ఉండాలని కిటికీలు బిగించేవాళ్లు. అడ్డు దారాన్ని మోసే నాడెలో కొత్త దారపు కండె పెట్టినప్పుడల్లా దారం కొసను నాడె కంతలోంచి నోటితో పీల్చి లాగాలి. ఒకరి నోరు పెట్టిన నాడెకే ఇంకొకరి నోరు. దూది నుసి, క్షయ రెండూ ఆ కంతలోంచే పోయేవి. మ్యూజియంలో అద్దం వెనక పాత నాడె ఒకటి ఉంది. కొయ్య నునుపుదేలి, కంత చుట్టూ నల్లబడి ఉంది. దాని ముందు నిలబడి నాకు తెలియకుండానే పెదాలు తుడుచుకున్నాను.

పుస్తకాలు మిల్లులోకి తేకూడదు. అందుకని పత్రికల్లోంచి పద్యాలు కత్తిరించి కిటికీ చట్రాల మీద అతికించుకునేవాళ్లు. పదకొండేళ్లకే మిల్లులో చేరిన లూసీ లార్కమ్ అలా చదువుకుని తరువాత పేరున్న కవయిత్రి అయింది. పుస్తకం వద్దన్నారు గానీ అతికించిన కాగితం పుస్తకం కాదు కదా! ఈ తెలివి నాకు భలే నచ్చింది. కాపీలు కొట్టే పిల్లల్ని ముప్ఫయ్యేళ్లు పట్టుకున్నదాన్ని, ఈ రకం మాత్రం పట్టుకోలేకపోయేదాన్ని.

మధ్యాహ్నం బోర్డింగ్ హౌస్ పార్కులో బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. ఎదురుగా మేం మగ్గాలు చూసిన బూట్ మిల్లు ఎర్ర ఇటుక గోడ, నడిమి ముంగిట్లో గడియారపు గోపురం. గోపురం మొన మీద గాలి ఎటు వీస్తుందో చూపే సూచిక ఉంటుంది కదా, మామూలుగా కోడిపుంజు బొమ్మ పెడతారు. ఇక్కడ నాడె పెట్టారు. బంగారు రంగు నాడె ఎండలో మెరుస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. దాని కింద గంట. ఈ ఊళ్లో పోరాటమంతా నిజానికి ఆ గంటతోనే. కానీ అది మొదలైంది మాత్రం కూలితో.

1834 ఫిబ్రవరిలో కూలి తగ్గిస్తామని కంపెనీలు ప్రకటించాయి. ఒక మిల్లులో అమ్మాయిలు గుమిగూడి మాట్లాడుకుంటుంటే ఏజెంటు వాళ్లలో ముందున్న ఆమెను పిలిచి పనిలోంచి తీసేశాడు. ఆమె గుమ్మం దాటి బయటికొచ్చి, తలకున్న టోపీ తీసి గాల్లో ఊపింది. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లకు అదే సైగ. మగ్గాలు ఆపేసి దిగొచ్చారు. ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు ఊరేగింపుగా వెళ్లి, దాదాపు 800 మంది బయటికి వచ్చారు. వాళ్లలో ఒకామె నీళ్ల పంపు మీదికెక్కి ఆడవాళ్ల హక్కుల గురించీ డబ్బున్నవాళ్ల పెత్తనం గురించీ మాట్లాడిందని బోస్టన్ పత్రిక వేళాకోళంగా రాసింది. పేరు మాత్రం రాయలేదు. అంతకన్నా నాకు నచ్చింది వాళ్లు చేసిన రెండో పని. తిన్నగా బ్యాంకులకు వెళ్లి, దాచుకున్న డబ్బు తీసుకున్నారు. పొదుపు చేసుకున్న ఆడదాన్ని భయపెట్టడం కష్టమని వాళ్లకు ఎవరు చెప్పారో!

సమ్మె కొద్ది రోజులకే చల్లారింది. కూలి తగ్గింది తగ్గినట్టే ఉండిపోయింది. 1836 అక్టోబరులో ఈసారి హాస్టల్ డబ్బు పెంచారు. 1,500 మందికి పైగా దిగారు, నెల దాటినా చాలామంది లొంగలేదు. అప్పుడు హారియెట్ హాన్సన్‌కు పదకొండేళ్లు. ఆమె పనిచేసే అంతస్తులో పెద్ద అమ్మాయిలు పోదామా వద్దా అని తటపటాయిస్తుంటే, మీరు వచ్చినా రాకపోయినా నేను పోతున్నానని ఆ పిల్ల నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే అందరూ వస్తున్నారు. పెద్దయ్యాక 1898లో తన జ్ఞాపకాల పుస్తకంలో ఈ సంగతి గర్వంగా రాసుకుంది. దాని కింద ఇంకో సంగతి కూడా రాసింది. ఆమె తల్లి ఒక కంపెనీ హాస్టలుకు పెద్ద. పెద్ద ఆడపిల్లల్ని నువ్వు ఆపలేకపోయి ఉండొచ్చు, నీ కూతురు చిన్నపిల్ల కదా, దాన్నైనా ఆపలేకపోయావా అని ఏజెంటు ఆమె ఉద్యోగం తీసేశాడు.

కంపెనీలు తండ్రుల్ని ఒప్పించడానికి కట్టిన కంచె ఆ హాస్టలు. కానీ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు, ఒకే మంచం మీద ఇద్దరిద్దరు పడుకున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారు? ఎవరి కూలి ఎంత, ఏ మేస్త్రీ ఏమన్నాడు, ఏ గదిలో ఎవరికి దగ్గు. సమ్మె కట్టిన బలమంతా ఆ బల్ల దగ్గరిదేనంటాడు డబ్లిన్. ఆయన చెప్పక ముందే, కింద ఆ పింగాణీ పళ్లేల్ని చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. మా బడిలో టీచర్ల పోరాటాలన్నీ స్టాఫ్ రూములో టిఫిను డబ్బాల దగ్గరే మొదలయ్యేవి.

సమ్మెలు చేసినప్పుడు వాళ్లు ఒక మాట పదే పదే వాడారు. మేం స్వేచ్ఛాపరుల బిడ్డలం, బానిసలం కాదు అని. తాతలు ఇంగ్లండ్ రాజు మీద తిరగబడ్డవాళ్లు, ఆ గీర సహజమే. అయితే వాళ్ల చేతిలో నూలు ఎక్కడిది? దక్షిణాది చేలల్లో బానిసలు ఏరిన పత్తి. ఇక్కడ నేసిన ముతక బట్టలో కొంత మళ్లీ దక్షిణానికే, బానిసల ఒంటి మీదికే పోయేది. అక్కడ ఆ బట్ట పేరే 'లోవెల్'. ఊరి పేరు బానిస బట్టకు పేరైంది. ఈ ముడి ఆ అమ్మాయిల్లో చాలామందికి తెలియకపోలేదు. బానిసత్వం రద్దు చేయాలని 1830లలోనే వాళ్లు సంఘం పెట్టుకుని, అర్జీల మీద సంతకాలు చేసి వాషింగ్టన్‌కు పంపారు. అయినా మర్నాడు పొద్దున గంట కొడితే ఆ దూదే వడకాలి. మ్యూజియంలో పత్తి బేలు ఒకటి పెట్టారు, ముట్టుకోవచ్చు. కరీంనగర్ మార్కెట్లో పత్తి బోరాల్లో చెయ్యి పెట్టి పింజె లాగి చూసే అలవాటు కొద్దీ నేనూ లాగాను. పింజె బాగానే ఉంది. ఆ చెయ్యి కాసేపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సారా బాగ్లీ సంగతికి వస్తాను. నిజానికి ఆమె కోసమే ఈ ఊరొచ్చాను. న్యూ హాంప్‌షైర్ పల్లెలో పుట్టి, 1837లో ముప్ఫయ్యొక్కేళ్ల వయసులో హామిల్టన్ మిల్లులో చేరింది. 1840లో 'ఆఫరింగ్' పత్రికలో మిల్లు జీవితంలోని సుఖాల గురించి వ్యాసం రాసింది. అవును, సుఖాల గురించే! అయిదేళ్లు తిరిగేసరికి అదే మనిషి, ఆ పత్రిక కంపెనీల బాకా అని బహిరంగ సభలో అనేసింది. మధ్యలో ఏం జరిగిందంటే, పని పెరిగింది. రెండు మగ్గాలు చూసేవాళ్లకు మూడు, మూడు చూసేవాళ్లకు నాలుగు అప్పగించారు. ముక్కకు ఇచ్చే కూలి తగ్గించారు. ఎక్కువ బట్ట తీయించిన మేస్త్రీలకు బహుమానాలిచ్చారు. 1844 చివర బాగ్లీ, ఇంకొందరు కలిసి లోవెల్ మహిళా కార్మిక సంస్కరణ సంఘం పెట్టారు. అడిగింది ఒక్కటే. రోజుకు పది గంటలు. కూలి పెంచమని కాదు, గంట ముందు కొట్టమని.

2,000 పైచిలుకు సంతకాలతో అర్జీలు రాష్ట్ర శాసనసభకు చేరాయి. సభ ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు విలియమ్ షౌలర్, లోవెల్ శాసనసభ్యుడే. ఊళ్లో పత్రిక నడిపేవాడు, కంపెనీల పక్షం. అర్జీదారుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు కాబట్టి వాళ్లే వచ్చి తమ వాదన చెప్పుకోవాలి, లేకపోతే అర్జీని పక్కన పెట్టేస్తామని ఉత్తరం రాశాడు. నలుగురిలో నిలబడి మాట్లాడటానికి ఆ కాలపు ఆడవాళ్లు జంకుతారని లెక్క. 1845 ఫిబ్రవరి 13న వాళ్లు బోస్టన్ వెళ్లి సాక్ష్యం చెప్పి వచ్చారు.

ఆ సాక్ష్యాల్లో ఎలైజా హెమ్మింగ్‌వే చెప్పినది నా బుర్రలో ఉండిపోయింది. ఆమె గదిలో 150 మంది దాకా పనిచేస్తారు. గాలి మంచిది కాదు. పొద్దు గూకాక వెలిగించే దీపాలు చిన్నవి 293, పెద్దవి 61. చలికాలం పొద్దునా అవే. ఎవరు లెక్కపెట్టి ఉంటారు? మగ్గం ముందు నిలబడి, నాడె పోయి వచ్చే లోపల, ఒక్కో వరుసా లెక్కపెట్టి మనసులో రాసుకుని ఉంటుంది. చాలా దీపాలున్న గది అని మామూలుగా అనేసి ఉంటే కమిటీ మరిచిపోయేది. మూయించిన కిటికీల వెనక 354 నూనె దీపాలు కాలుతుంటే ఎలాంటి గాలి పీలుస్తారో ఇక వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మాయి ఫోనులో ఆ కూడిక చేసి చూపించింది. నేను నోటితోనే చేశాను, కాకపోతే చెప్పలేదు.

కమిటీ మార్చి నెలలో స్వయంగా లోవెల్ వచ్చింది. మిల్లుల ముందు చెట్లు, కిటికీల్లో పూలకుండీలు చూసింది. పని గంటలు తగ్గితే మంచిదే గానీ అది చట్టం చేయవలసిన పని కాదు, మనుషుల్లో డబ్బు మీద ప్రేమ తగ్గి వివేకం పెరిగితే అదే సర్దుకుంటుందని నివేదిక రాసింది. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ముందురోజు బడికి సున్నం కొట్టించిన హెడ్మాస్టర్ని నేను కూడా, కాబట్టి పూలకుండీల మాట చదివి నవ్వొచ్చింది. బాగ్లీ సంఘం నవ్వలేదు. ఈ షౌలర్‌ను ఇంటికి పంపిస్తామని తీర్మానం చేసి అచ్చు వేసింది. వాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు. ఆ నవంబరులో షౌలర్ ఓడిపోయాడు. వీళ్ల వల్లే ఓడాడని తేల్చి చెప్పలేం గానీ, ఓటర్లకు ధన్యవాదాలు చెబుతూ సంఘం ఇంకో తీర్మానం చేసింది.

తరువాతి కథ త్వరగా చెప్పేస్తాను, అందులో గెలుపులు తక్కువ. బాగ్లీ 1846లో మిల్లు వదిలి, అప్పుడే ఊరికొచ్చిన టెలిగ్రాఫ్ ఆఫీసులో చేరింది. ఆ పని చేసిన తొలి మహిళల్లో ఒకరు. మరుసటేడు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆఫీసుకు మారితే, తనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మగవాడి జీతంలో ముప్పాతిక వంతే తనకు ఇస్తున్నారని తెలిసింది. పక్కనున్న న్యూ హాంప్‌షైర్ 1847లో పది గంటల చట్టం చేసింది. చట్టంలోనే సందు పెట్టారు. కార్మికుడు ఒప్పుకుంటే ఎక్కువ గంటలు చేయించవచ్చు. ఒప్పుకుని సంతకం చేస్తేనే పని ఇచ్చారు. మసాచుసెట్స్‌లో ఆడవాళ్లకూ పిల్లలకూ పది గంటల చట్టం వచ్చింది 1874లో. అర్జీ పెట్టిన ఇరవై తొమ్మిదేళ్లకు. అప్పటికి పల్లెటూరి రైతుల కూతుళ్లు ఊరొదిలి పోయారు. కరువుకు పారిపోయి వచ్చిన ఐరిష్ ఆడవాళ్లు, తరువాత ఫ్రెంచి కెనడావాళ్లు, గ్రీకులు, పోర్చుగీసులు మగ్గాల దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు ఊళ్లో ఎటు చూసినా కంబోడియా వాళ్ల హోటళ్లు.

సాయంత్రం స్టేషనులో రైలు కోసం నిలబడితే, బ్యాగు వేసుకున్న కుర్రాడొకడు మా మాటలు విని "తెలుగా ఆంటీ?" అని పలకరించాడు. ఇక్కడి యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాడట, ఊరు జగిత్యాల. నలుగురు కలిసి ఒక ఫ్లాటులో ఉంటున్నారు, పాత మిల్లును అపార్ట్‌మెంటుగా మార్చినది. "ఏం మిల్లు బాబూ అది?" అని అడిగాను. "తెల్వదాంటీ. కిటికీలు మాత్రం మస్తు పెద్దగుంటయి" అన్నాడు. నలుగురికీ రెండే గదులట. ఒక్కో గదికి ఇద్దరు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి లాప్‌టాప్ తెరిచింది. హైదరాబాద్ టీముతో తొమ్మిదిన్నరకు మీటింగు. పదింటికి నేను మా అమ్మకు ఫోను చేశాను. అక్కడ పొద్దున ఏడున్నర. అమ్మకు ఎనభై నాలుగు. బాపు సాంచాలకు కండెలు చుట్టింది, ఖాళీ దొరికితే బీడీలు చుట్టింది. బాపు పోయి పదేళ్లయింది. ఆఖరి రోజుల్లో ఆయనకు చెవులు బొత్తిగా వినబడేవి కావు. అమ్మ ఇప్పటికీ గట్టిగా అరిచే మాట్లాడుతుంది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరం అంతే.

చూసినదంతా చెప్పాను. నయాగరా గురించి చెప్పినప్పుడు రెండు నిమిషాల్లో ఫోను పెట్టేసిన మనిషి ఈసారి వింటూనే ఉంది.

"ఒక్కొక్కలు ఎన్ని సాంచాలు నడిపేటోళ్లు బిడ్డా?"

"ముందు రెండమ్మా. తర్వాత మూడు, నాలుగు."

"నాలుగేనా?" అంది. "మీ బాపు ఆరు నడిపిండు. దినం పన్నెండు గంటలు."

1846 మే నెల సంగతి చెప్పాను. అక్కడే ఒక మిల్లులో నాలుగో సాంచా ఇస్తాం, ముక్కకు కూలి మాత్రం ఒక సెంటు తగ్గిస్తాం అన్నారు. నేతగత్తెలంతా కూర్చుని, మూడింటి మీద ఇచ్చే కూలే ముక్కకు ఇస్తే తప్ప నాలుగోది పట్టం అని కాగితం మీద సంతకాలు పెట్టారు. దాదాపు అందరూ. పెట్టి మాట తప్పినవాళ్ల పేర్లు అచ్చు వేయిస్తామని కూడా రాసుకున్నారు. ఎవరూ తప్పలేదు.

అవతల కాసేపు మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"మల్ల వాళ్లందర్నీ తీసేసిన్రా?"

"లేదమ్మా. కంపెనీయే వెనక్కి తగ్గింది. మూడు సాంచాలే నడిపారు."

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"పుస్తకంలో ఉందమ్మా."

"పుస్తకమా" అంది అమ్మ. అని, పాలవాడు వచ్చాడని ఫోను పెట్టేసింది.